గట్టిగానే ఉంది

డ్రిల్లన్న డ్రిల్లు పట్టిన రోజుల్లో, అతను శ్లాబు పగలగొడుతుంటే నాలుగు వీధుల అవతల గిన్నెలో పాలు విరిగిపోయేవి. కావాలంటే ఆ వీధుల్లో అడిగి చూడండి, ఎవరూ కాదనరు. ఒక ముసలాయన కదిలే పన్ను పీకించుకోవడానికి పోతూ దారిలో డ్రిల్లన్న పని దగ్గర కాసేపు నిలబడ్డాడు. పన్ను దానంతటదే ఊడి చేతిలో పడింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని ఇంటికి మళ్ళిపోయాడు. డ్రిల్లన్న మిషను ఆపేసినా భూమి ఇంకాసేపు వణుకుతూనే ఉండేది. ఆపేసిన సంగతి దానికి ఎవరూ చెప్పేవారు కాదు మరి.

ఇదంతా కోత అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. ఒక్కటి మాత్రం కోత కాదు. ఊళ్ళోవాళ్ళకి పాలు విరిగితే డ్రిల్లన్నకి చెవులు విరిగాయి. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత ఫోను మోత, కుక్కరు ఈల పోయాయి. చివరికంటా నిలబడింది భార్య గొంతు ఒక్కటే. అది అలాంటి గొంతు. అదీ పోయింది.

ఇప్పుడు అతని చేతిలో డ్రిల్లు లేదు, సుత్తి ఉంది. నగరంలో పాతబడిన పార్కింగ్ భవనాలు ఎక్కడెక్కడ పాడయ్యాయో చూసి, పాడైన చోట బాగుచెయ్యమని డ్రిల్లన్న పనిచేసే కంపెనీకి అప్పగించారు. కంపెనీ పెద్దసారు డ్రిల్లన్నని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇక నీకు బరువు పని వద్దయ్యా. సుత్తితో కొట్టు, విను. గట్టిగా ఉంటే గట్టి అను, లోపల విడిపోయి ఉంటే డొల్ల అను. అంతే నీ పని" అన్నాడు.

కొట్టడం, వినడం. డ్రిల్లన్న తల ఊపి, సుత్తి తీసుకుని వచ్చేశాడు. బరువు పనికి పనికిరాని మనిషిని కంపెనీ ఏం చేస్తుందో అతను చూసి ఉన్నాడు.

సోమవారం బజారు పక్కనున్న పార్కింగ్ భవనంలో పని మొదలైంది. బయటినుంచి చూస్తే అది దొడ్డుగా, బూడిదరంగులో, కూర్చుని నిద్రపోయే జంతువులా ఉంటుంది. లోపల ఏ అంతస్తులో చూసినా పైకప్పు నుంచి తుప్పు మరకలు గోడల మీదికి జారి ఉన్నాయి. వాన పడ్డాక రెండు రోజులు కార్ల మీద చుక్కలు పడుతూనే ఉంటాయి. ఆ నీటితో పాటు జారిన సున్నం కారు అద్దం మీద పడితే గోకినా పోదు.

డ్రిల్లన్న చక్రాల మంచె ఎక్కి, ఎడం అరచెయ్యి పైకప్పుకి ఆనించి, కుడిచేత్తో దాని పక్కనే సుత్తితో కొట్టేవాడు. కింద నిలబడి చూసేవాళ్ళకి, డాక్టరు రోగి వీపు మీద చెయ్యి వేసి వేళ్ళతో తట్టి చూస్తున్నట్టు ఉండేది. ఆ అరచెయ్యే అతని చెవి. గట్టి చోట సుత్తి వెనక్కి ఎగురుతుంది. డొల్ల చోట అరచేతి కింద చీమ పాకినట్టు ఉంటుంది. చీమ పాకితే సుద్దముక్కతో చుట్టూ గీత గీసి, "డొల్ల" అనేవాడు.

కాకపోతే చీమ పాకేది పల్చటి పెచ్చుల దగ్గరే. ఇనప చువ్వ లోతుగా తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటు లోపల్లోపలే విడిపోయిన చోట చీమా ఉండదు, దోమా ఉండదు. అక్కడ సుత్తి చప్పుడు మారుతుంది, అంతే. అలాంటి చోటికి డ్రిల్లన్న దగ్గర ఇంకో ఉపాయం ఉంది. అది మేడం మొహం.

మేడం అంటే కంపెనీలో కొత్తగా చేరిన చిన్న ఇంజనీరు. చదువు అయిపోయి ఎన్నాళ్ళో కాలేదు. హెల్మెట్టు తలకన్నా ఒక సైజు పెద్దది కావడంతో ఆమె తల ఊపిన కాసేపటికి అది ఊగేది. ఆ పిల్ల మంచె పక్కన నిచ్చెన మీద నిలబడి, డ్రిల్లన్న ఏమంటే అది భవనం పటం మీద గుర్తు పెట్టుకునేది. డ్రిల్లన్న సుత్తితో కొట్టి, అనుమానం వస్తే ఆమె వైపు చూసేవాడు. కనుబొమ్మ లేచిందా, డొల్ల. లేవలేదా, గట్టి. చదువుకున్న పిల్ల, పడుచు చెవులు, పొరపాటు పడదు అనుకున్నాడు. ఆ లెక్కన పొద్దుటినుంచి పని బాగానే సాగింది.

"మీతో పనిచెయ్యడం నా అదృష్టం బాబాయ్" అందా పిల్ల నిచ్చెన దిగేటప్పుడు.

డ్రిల్లన్నకి ఆ మాట పెదవుల మీద స్పష్టంగా కనబడింది. నవ్వేసి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం పెద్దసారు వచ్చాడు. మేస్త్రీలైతే వెనకనుంచే కేకలేస్తారు, పలక్కపోతే పొగరనుకుంటారు. పెద్దసారు అలా కాదు. ఆయనకీ డ్రిల్లన్నకీ మధ్య నేల మీద నీటిమడుగు ఉంటే, బూట్లు తడవకుండా దాని చుట్టూ తిరిగి వచ్చి, ఎదురుగా నిలబడి, హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని మరీ మాట్లాడాడు.

"ఎలా ఉందయ్యా పని? చేతులు నొప్పిగా ఉన్నాయా?"

"ఏం లేదు సార్. హాయిగా ఉంది."

"తొందరేం లేదు. నిదానంగా చెయ్యి."

ఒక్కో మాటా విడివిడిగా, పెదవులు నిండుగా కదిలిస్తూ అన్నాడు. మీసం లేని మొహం. చదువురాని డ్రిల్లన్నకి చదువుకోవడానికి దొరికిన ఒకే ఒక్క మంచి పుస్తకం ఆ మొహం.

అన్నం వేళకి డ్రిల్లన్న రెండో అంతస్తుకి దిగాడు. ర్యాంపు ఎక్కగానే పెద్ద దూలం కింద రేకుల గది ఒకటి ఉంది. అందులో కూర్చుని వచ్చిపోయే కార్లకి చీటీలిచ్చేది అతని బావమరిది, భార్య తమ్ముడు. ఆ గదికి పైకప్పు లేదు. దూలమే పైకప్పు కదా అని వేసినవాళ్ళు మానేశారు. బావమరిదిది గుబురు మీసం. అది పై పెదవిని మింగేసి కింద పెదవి మీద కన్నేసి ఉంటుంది. అందుకని అతను పది మాటలంటే డ్రిల్లన్నకి నాలుగు దక్కుతాయి. మిగతా ఆరూ తనే వేసుకుంటాడు.

బావమరిది అక్క పంపిన అన్నం డబ్బా మూత తీసి, పైకి ఒకసారి చూసి, మళ్ళీ మూతపెట్టేశాడు. పైనుంచి ఇసకలాంటిది సన్నగా రాలింది. మూత మీద టపటపా పడింది. డ్రిల్లన్నకి అది పడడమే కనిపించింది.

"చూశావా బావా. మా అక్క కూరలో ఉప్పు తక్కువేస్తుందని ఈ దూలానికి కూడా తెలిసిపోయింది. రోజూ పైనుంచి వేస్తోంది."

"ఏంట్రా?"

"ఉప్పు బావా, ఉప్పు." వేలితో మూత మీది రజను తీసి చూపించాడు. "మొన్న ఇంత ముక్క పడింది. నా నెత్తిమీద పడుంటే మా అక్కకి నా పీడ విరగడయ్యేది అని మా ఆవిడతో అన్నాను. మా అక్క అంటే నీ పెళ్ళామే కదా, ఆవిడకి చెప్పకు."

డ్రిల్లన్న తల పైకెత్తి చూశాడు. దూలం అడుగున చువ్వ పోయిన దారంతా సన్నటి పగులు, దాని వెంట తుప్పు మరక.

"రేపు దీన్ని కొడతాంలే" అన్నాడు. "నువ్వు దిగులుపడకు."

"నువ్వుండగా నాకేం దిగులు బావా" అన్నాడు బావమరిది. ఆ మాట మాత్రం మీసం దాటుకుని వచ్చింది.

మంగళవారం మంచెని దూలం కిందికి తోశారు. కార్లు తెగ తిరుగుతున్నాయి. ర్యాంపు మీద ఎక్కేది ఎక్కుతుంటే దిగేది దిగుతోంది. కారు పోయినప్పుడల్లా శ్లాబంతా కాస్త ఊగేది, డ్రిల్లన్న అరచేతి కింద చీమలు వెయ్యి పాకేవి. ఏ చీమ కారుదో, ఏ చీమ దూలానిదో తెలియలేదు. కాసేపు ఆగాడు. కార్లు ఆగలేదు. చెయ్యి తీసేసి, పగులు పక్కన సుత్తితో కొట్టాడు. మేడం మొహం చూద్దామని తిరిగాడు.

మేడం మొహం అక్కడ లేదు. అంటే ఉంది గానీ కిందికి వంగి ఉంది. గది బయట నిలబడిన బావమరిది ఏదో పరాచికం ఆడాడు, ఆ పిల్ల హెల్మెట్టు చేత్తో పట్టుకుని నవ్వుతోంది. డ్రిల్లన్న మళ్ళీ కొట్టాడు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఇంకోసారి కొడితే మూడోసారి ఎందుకు కొట్టావంటారు. మంచె పట్టుకున్న పనివాళ్ళు కిందనుంచి అతన్నే చూస్తున్నారు.

"గట్టి" అన్నాడు.

మేడం తల ఎత్తి, సరేనని తల ఊపింది. హెల్మెట్టు కూడా ఊగింది. పటం మీద గుర్తు పడిపోయింది. కింద బావమరిది నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. నోరు అలాగే తెరిచి ఉంది.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చాడు. డ్రిల్లన్నా భార్యా ఉండేది ఒకే గది, వంట ఓ మూల. గోడకి అవతల ఇంకో కుటుంబం, వాళ్ళు దగ్గితే వీళ్ళు మందు వేసుకోవాలి, అంత పల్చటి గోడ. అందుకని భార్య డ్రిల్లన్నతో గొంతు లేకుండా, ఉత్త పెదవులతో మాట్లాడడం అలవాటు చేసుకుంది. ఆ ఇంట్లో పోట్లాట ఎంత పెద్దదైనా పక్కింటికి వినపడేది కాదు. వీళ్ళంత అన్యోన్యంగా ఉండేవాళ్ళు లేరని పక్కింటావిడ మొగుణ్ణి సాధించేది.

బావమరిది గుమ్మంలోనే నిలబడి అక్క వైపు తిరిగి ఏదో అన్నాడు. పెద్దగా చేతులు ఊపుతూ అన్నాడు. భార్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు డ్రిల్లన్న.

భార్య అతని ఎదురుగా వచ్చి కూర్చుని పెదవులు కదిలించింది. "దూలం డొల్లగా మోగిందంట. వాడికే వినపడిందంట. ఖాళీ డబ్బా కొట్టినట్టు మోగిందంట. నువ్వు గట్టి అన్నావంట."

డ్రిల్లన్న ఎడం అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

బావమరిది దగ్గరికి వచ్చి ముందుకు వంగాడు. ఈసారి మీసాన్ని రెండువేళ్ళతో పైకి ఎత్తి పట్టుకుని మాట్లాడాడు. ఇంకో సమయమైతే ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వేవారు.

"బావా. వినికిడి కాస్త తగ్గిందనుకున్నాను. బొత్తిగా లేదా?"

డ్రిల్లన్న నేల చూశాడు.

"లేదురా" అంది భార్య. గొంతుతో అంది. "ఎప్పుడో పోయింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"చెప్పకపోతే ఎలా అక్కా? నేను ఆ దూలం కిందే కదా ఉండేది. నేనొక్కణ్ణేనా? ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళు."

"చెబితే పనిలోంచి తీసేస్తారు."

"తీసేస్తే ఇంకో పని. నెత్తిన పడితే ఇంకో నెత్తి ఉంటుందా?"

ఆ మాటల్లో డ్రిల్లన్నకి ఒకటీ అందలేదు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ వీపులూ, చేతులూ చూస్తూ కూర్చుని, ఏం మాట్లాడుకుంటున్నారో తనే ఊహించుకున్నాడు. ఊహించినదానికీ అన్నదానికీ పెద్ద తేడా లేదు.

"రేపు మేడంని అడిగి మళ్ళీ కొట్టి చూస్తాను" అన్నాడు. "ఆవిడకి వినపడే ఉంటుంది."

బుధవారం పొద్దున్నే, మంచె ఎక్కకముందే మేడం దగ్గరికి వెళ్ళాడు. ఆమె మెట్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటోంది.

"మేడం. నిన్న ఆ రెండో అంతస్తు దూలం మీకెలా వినపడింది?"

ఆ పిల్ల తాడు వదిలేసి తలెత్తింది. మొహం ఎర్రబడింది.

"నిజం చెప్పనా బాబాయ్? నవ్వకూడదు. నాకు ఇంకా తేడా తెలియడం లేదు. కార్ల మోతలో అన్నీ ఒకలాగే ఉంటాయి. కాలేజీలో ఒక్కసారి చూపించారు, అదీ వెనక వరసలో ఉన్నాను."

"మరి కనుబొమ్మలు..." అని ఆగిపోయాడు.

"నేను మీ మొహం చూసి నేర్చుకుంటున్నాను. గట్టిగా ఉంటే మీరు చూడకుండా ముందుకు జరిగిపోతారు. డొల్ల అయితే కొట్టాక ఒక్క క్షణం నా వైపు చూస్తారు. ఓహో ఇది డొల్ల అన్నమాట అనుకుంటాను. మీరు వెంటనే డొల్ల అంటారు. ఒక్కసారి కూడా తప్పలేదు." గర్వంగా నవ్వింది. "పెద్దసారు కూడా అదే చెప్పారు. ఆయన్ని చూసి నేర్చుకో, ఇంకేం ఆలోచించకు అన్నారు."

డ్రిల్లన్న మెట్టు మీద కూర్చున్నాడు. తనకి అనుమానం వచ్చి చూసిన చోటల్లా ఆమె కనుబొమ్మ ఎత్తింది. ఆమె ఎత్తిన చోటల్లా తను డొల్ల అన్నాడు. తను తొందరపడి ముందుకు జరిగిపోయిన చోటల్లా గట్టి అయిపోయింది. ఇద్దరు గుడ్డివాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, ముందున్నది నువ్వే అంటే నువ్వే అనుకుంటూ, ఇంత భవనమంతా నడిచి వచ్చేశారు. సుద్ద గీతలు మాత్రం ముద్దుగా, గుండ్రంగా ఉన్నాయి.

"ఏమైంది బాబాయ్?"

"ఏం లేదమ్మా. ఇప్పుడే వస్తాను."

కంపెనీ ఆఫీసు భవనం వెనక ఇనప పెట్టెలాంటి గదిలో ఉంది. తలుపు తీసే ఉంది. పెద్దసారు కిటికీ వైపు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆయన వీపు చూడడం డ్రిల్లన్నకి అదే మొదలు. ఎదురుగా ఉంటే నోరు పెగలదని, ఆ వీపుతోనే అనేశాడు.

"సార్. నాకు వినపడదు."

ఫోను చెవి మీదినుంచి దిగింది. పెద్దసారు ఇటు తిరిగాడు. కుర్చీ ఒకటి జరిపి డ్రిల్లన్నని కూర్చోమన్నాడు. ఇంకో కుర్చీ లాక్కుని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, కిటికీ వెలుతురు తన మొహం మీద పడేలా కూర్చున్నాడు.

"నాకు తెలుసయ్యా" అన్నాడు, నిదానంగా.

అప్పుడు గుర్తొచ్చింది డ్రిల్లన్నకి. సుత్తి చేతికిచ్చిన రోజు కూడా ఆయన ఇలాగే వెలుతురు చూసుకుని కూర్చున్నాడు. ఇలాగే మాటకీ మాటకీ మధ్య ఆగాడు. మడుగు చుట్టూ తిరిగి వచ్చినప్పుడూ ఇంతే. పెద్ద మనిషి, కూలివాణ్ణి కూడా ఎదురుగా నిలబడి పలకరిస్తాడు అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. ఆయన పలకరించింది చెవిటివాణ్ణి.

"తెలిసి... ఈ పని ఇచ్చారా సార్?"

"నిన్ను తీసెయ్యమన్నారు పైవాళ్ళు. చెవులు పోయింది మన పనిలోనే కదా, నాకు మనసొప్పలేదు. ఎక్కడో ఒకచోట పెట్టాలనుకున్నాను." టీ గ్లాసు అతని ముందుకు జరిపాడు. "ఇది పాత భవనం. పడుచువాణ్ణి పెడితే ప్రతి అంగుళానికీ డొల్ల అంటాడు. అన్నీ తవ్వుకుంటూ కూర్చోవాలి. మనకిచ్చే డబ్బు మాత్రం అంతే. ఈ కంపెనీయే మిగలదు. నువ్వు చేత్తో ఒకటో రెండో పట్టుకుంటున్నావు. అవి బాగుచేస్తాం. అందరికీ సరిపోతుంది."

"మేడం నన్ను చూసి రాస్తోంది సార్."

"మంచిపిల్ల. నువ్వంటే గౌరవం."

డ్రిల్లన్న టీ గ్లాసు పట్టుకున్నాడు, తాగలేదు. "ఆ రెండో అంతస్తు దూలం డొల్ల సార్. దాని కిందే కూర్చుంటాడు మా బావమరిది. రోజూ అన్నంలో రాలుతోంది."

పెద్దసారు మొహంలో నిజంగానే బాధ కనబడింది. అది నటన అని డ్రిల్లన్న ఆ రోజూ అనుకోలేదు, తర్వాతా అనుకోలేదు.

"అయ్యో, ఆ కుర్రాడు నీ బావమరిదా? ముందే చెప్పొద్దూ. గేటు దగ్గర కొత్త అద్దాల గది ఖాళీగా ఉంది. గాలీ వెలుతురూ బాగుంటాయి. ఎల్లుండికల్లా అక్కడికి మార్పిస్తాను. ఇంకేం దిగులు నీకు?"

ఇంకేం దిగులో చెప్పాలనే నోరు తెరిచాడు. పెద్దసారు అతని భుజం మీద చెయ్యి వేశాడు. మంచి బరువైన, వెచ్చటి చెయ్యి. డ్రిల్లన్న కిందికి చూసుకుంటే గ్లాసు బల్ల మీద ఉంది, తన రెండు చేతులూ ఒకదానికొకటి కలిసిపోయి ఆయనకి దండం పెడుతున్నాయి. అవి ఎప్పుడు కలిశాయో అతనికి తెలియదు.

ఇంటికి వెళ్ళాక భార్య స్టవ్వు ఆపేసి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"తీసేశారా?"

"ఆయనకి ముందే తెలుసంట. నీ తమ్ముణ్ణి కూడా గేటు దగ్గరికి మారుస్తానన్నాడు."

భార్య రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. ఇన్నాళ్ళ అలవాటు మర్చిపోయి పైకే మాట్లాడింది, పక్కింటావిడ గిన్నె తోమడం ఆపి విందట.

"తెలిసీ ఉంచుకున్నాడా? తెలిసీ? ఈ రోజుల్లో అలాంటివాళ్ళు ఉన్నారా? దేవుడిలాంటి మనిషి. నేను అనవసరంగా భయపడి చచ్చాను. ఇక హాయిగా పని చేసుకో."

డ్రిల్లన్న ఆమె పెదవుల మీద ఆ మాటలు ఒక్కటీ పోకుండా చదువుకున్నాడు. ఆ మొహం అంత తేటగా ఉండి చాలా కాలమైంది. ఆమె కూర వడ్డిస్తే ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాడు.

శుక్రవారం నాటికి బావమరిది గేటు దగ్గర అద్దాల గదిలో ఉన్నాడు. ఆ గది ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక ఈగ దాని అద్దానికి గుద్దుకుని పడిపోయి, లేచి, తల తుడుచుకుని, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. బావమరిది మాత్రం కొత్త పెళ్ళికొడుకులా కూర్చోలేదు. చీటీలు ఇస్తూ, బావ రావడం చూసి కిటికీ తీశాడు.

"నా చోట్లో కొత్తావిడ చేరింది బావా. పొద్దున్నే వచ్చింది. గది భలే చల్లగా ఉందని మురిసిపోతోంది."

డ్రిల్లన్న తల ఊపాడు.

"మేడంకి చెప్పాను. ఇంకోసారి కొట్టించండి, మొన్న నాకు తేడాగా వినపడింది అని. నీ సంగతేం చెప్పలేదు." తర్వాత ఇంకేదో అన్నాడు. చిన్న మాటే. అది మీసం కిందే ఉండిపోయింది. మీసం ఎత్తి పట్టుకోమని డ్రిల్లన్న అడగలేదు. కిటికీ మూసుకుంది.

రెండో అంతస్తులో మంచె అప్పటికే దూలం కింద ఉంది. మేడం నిచ్చెన ఎక్కి ఎదురుచూస్తోంది. రేకుల గదిలో కొత్తావిడ డ్రిల్లన్న భార్య వయసుది. కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టుకుంది. తెచ్చుకున్న చిన్న గుడ్డతో బల్ల తుడిచి, డబ్బాని ఓ మూల పెట్టి, చీటీల కట్టని ఇంకో మూల పెట్టి, వాటి మధ్య దూరం సరిచూసుకుంటోంది. మంచె ఎక్కుతున్న డ్రిల్లన్నని చూసి నవ్వింది.

"నేనేమైనా లేవాలా అన్నా?"

అతను చూశాడు. కూర్చోమని చేత్తో చూపించాడు.

"కార్లు ఆపించాను బాబాయ్" అంది మేడం. "ఈసారి సరిగ్గా విందాం."

నిజంగానే ర్యాంపు మీద కార్లు లేవు. అరచేతి కింద చీమల గోల లేదు. డ్రిల్లన్న పగులు పక్కన చెయ్యి ఆనించి కొట్టాడు. లోతు ఎక్కువ, ఎడం అరచేతికేం తెలియలేదు. ఇంకోసారి కొట్టాడు. సుత్తి వెనక్కి ఎగరలేదు. కొట్టిన చోటే కాస్త మెత్తగా ఆగింది. అతను మేడం వైపు చూడలేదు. చూడకుండా ఇంకొంచెం జరిగి కొట్టాడు. అక్కడా అంతే.

భుజం మీద వేలు తగిలింది. ఇక చూడక తప్పలేదు.

ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఈసారి లేచింది కనుబొమ్మ కాదు, మొహమంతా లేచింది. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది చేతికి దొరికినట్టు ఉంది.

"బాబాయ్, మీరు నా వైపు చూడలేదు. కానీ నాకు వినపడింది. ఇది డొల్ల కదూ? లోపల ఖాళీ ఉన్నట్టు... మిగతావాటిలా లేదు. డొల్లంటే ఇదే కదూ?"

కింద ర్యాంపు మొదట్లో పెద్దసారు నిలబడి ఉన్నాడు. ఎదురుగా, వెలుతురులో. ఏమీ అనడం లేదు. కార్లు ఎందుకు ఆగాయో చూద్దామని వచ్చినట్టుంది. డ్రిల్లన్న ఆయన్ని చూశాడు. ఇంట్లో స్టవ్వు దగ్గర తేటపడిన మొహం గుర్తొచ్చింది. గేటు దగ్గర అద్దాల గది గుర్తొచ్చింది.

మంచె మీదే అటు తిరిగి, మేడంకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"గట్టిగానే ఉంది మేడం" అన్నాడు. నిదానంగా, ఒక్కో మాటా విడదీసి. "పెద్ద దూలాల మోత ఇలాగే ఉంటుంది. కొత్తలో అందరూ డొల్ల అనుకుంటారు."

ఆ పిల్ల మొహం అంతా మెల్లగా దిగింది. సిగ్గుపడి నాలుక కరుచుకుంది.

"అయ్యో. ఇంకొంచెం ఉంటే తప్పు రాసేదాన్ని. ఇలా మోగితే గట్టి అన్నమాట. ఇక మర్చిపోను బాబాయ్."

పటం మీద ఏమీ మార్చలేదు. తల ఊపింది, హెల్మెట్టు ఊగింది. పెద్దసారు ర్యాంపు దిగి వెళ్ళిపోయాడు. కార్లు వదిలారు.

డ్రిల్లన్న మంచె దిగుతుంటే కింద కొత్తావిడ అతని వైపే చూస్తూ ఏదో అడుగుతోంది. ఆమె చేతిలో బల్ల తుడిచిన గుడ్డ ఉంది. ఇందాక తుడిచిన బల్ల మీద మళ్ళీ సన్నటి రజను పడి ఉంది. పెదవులు కదులుతున్నాయి, మీసం లేదు, వెలుతురు బాగా ఉంది.

అతను మొహం గోడవైపు తిప్పుకుని, మంచె చక్రాలు తోసుకుంటూ మూడో అంతస్తు వైపు నడిచాడు.